రాష్ట్రపతి పాలన వస్తే మా సర్పంచీ దిగిపోవాలా?

ప్లీడరమ్మ జవాబులు

పోయిన సంచికలో 1975 నాటి ఎమర్జెన్సీ మీద వ్యాసం వచ్చింది కదా, దాని పుణ్యమాని ఈ నెల భాగాల తగాదాలు, సరిహద్దు రాళ్ల గొడవలు పక్కన పెట్టాల్సి వచ్చింది. ఉత్తరాల కట్టలో సగం పైగా కేంద్రం, రాష్ట్రం, గవర్నరు అనే మాటలే. దావాలు రాసుకుని బతికే నాకు ఇలాంటి ప్రశ్నలు రావడం సంతోషమే. భూముల ఉత్తరాలు రాసినవాళ్లు కోపగించుకోకండి, వచ్చే నెల మీదే.

ఎమర్జెన్సీ అన్నా రాష్ట్రపతి పాలన అన్నా ఒకటేనా మేడమ్? కోచింగ్‌లో రెండూ ఒకే పూట చెప్పేశారు. బుర్రలో కలగాపులగం అయిపోయింది.
– గ్రూప్-2 అభ్యర్థి, రాజాం

ఒకటి కాదు బాబూ. రెండూ రాజ్యాంగంలో పద్దెనిమిదో భాగంలోనే ఉంటాయి, పోలిక అంతవరకే. అధికరణాల లెక్కలో 352 దేశానికి (ఎమర్జెన్సీ), 356 రాష్ట్రానికి (రాష్ట్రపతి పాలన), 360 ఖజానాకి (ఆర్థిక ఎమర్జెన్సీ). పరీక్షకి ఈ ముక్క చాలు. ఇంటర్వ్యూలో అడిగితే మాత్రం చాలదు.

352 కింద ఎమర్జెన్సీ పెడితే రాష్ట్ర ప్రభుత్వం ఎక్కడికీ పోదు. ముఖ్యమంత్రి ఉంటారు, అసెంబ్లీ ఉంటుంది. కాకపోతే రాష్ట్రాల జాబితాలో ఉన్న విషయాల మీద కూడా పార్లమెంటు చట్టం చేయొచ్చు, ఏ పని ఎలా చేయాలో కేంద్రం రాష్ట్రానికి ఆదేశాలివ్వొచ్చు. 356 దీనికి తిరగబడి ఉంటుంది. మనుషుల హక్కులు అలాగే ఉంటాయి, మంత్రివర్గం పోతుంది, అసెంబ్లీ రద్దన్నా అవుతుంది, పక్కనన్నా పడుతుంది.

1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ వచ్చినప్పుడు మన దగ్గర జలగం వెంగళరావు గారి ప్రభుత్వం చెక్కు చెదరలేదు. ఢిల్లీలోనూ హైదరాబాద్‌లోనూ కాంగ్రెసే కాబట్టి దించాల్సిన అవసరం కూడా లేదు. తమిళనాడు సంగతి వేరు. అక్కడ కరుణానిధి ప్రభుత్వాన్ని 1976 జనవరి 31న 356 కింద దించేశారు. అంటే ఒకే సమయంలో దేశమంతా 352 ఉంది, తమిళనాడు మీద అదనంగా 356 పడింది. ఈ ఒక్క ఉదాహరణ పట్టుకుంటే మళ్లీ కలగాపులగం అవ్వదు.

1978లో వచ్చిన 44వ సవరణ 352కి గట్టిగా తాళాలు వేసింది. అంతకు ముందు ఉన్న ‘అంతర్గత కల్లోలం’ తీసేసి ‘సాయుధ తిరుగుబాటు’ అని పెట్టారు. మంత్రివర్గం రాతపూర్వకంగా చెప్తేనే రాష్ట్రపతి సంతకం చేయాలి. నెల లోపల పార్లమెంటు ఉభయ సభలూ మూడింట రెండు వంతుల మెజారిటీతో ఆమోదించాలి. 20, 21 అధికరణాలను, అంటే నేరానికి శిక్ష వేయడంలో రక్షణకి, ప్రాణానికి, స్వేచ్ఛకి సంబంధించిన వాటిని, ఎమర్జెన్సీలో కూడా ఆపడానికి లేదు. 356కి వేసిన తాళాలు అంత గట్టివి కావు: రెండు నెలల్లో ఉభయ సభల్లో మామూలు మెజారిటీ వస్తే చాలు, ఆరేసి నెలలు పొడిగిస్తూ మూడేళ్ల దాకా పోవచ్చు. ఏడాది దాటాలంటే మాత్రం ఎమర్జెన్సీ అమల్లో ఉండాలి, ఎన్నికలు జరపలేమని ఎన్నికల సంఘం చెప్పాలి.

360 ఇంతవరకూ ఎవరూ వాడలేదు.

“రాస్ట్రపతి పాలనొస్తే మా సర్పంచీ కూడా దిగిపోవాలేటి? నా పింఛనీ ఆగిపోద్దా?” అని మా తాత అడగమన్నాడు.
– తాత తరఫున మనవరాలు, గార మండలం

తాతకి చెప్పు తల్లీ, సర్పంచి దిగడు. దిగితే బాగుణ్నని తాత ఆశపడుతున్నాడేమో నాకు తెలీదు గానీ, పంచాయతీకి 356తో పని లేదు. కలెక్టరు, ఎమ్మార్వో, సచివాలయం అన్నీ ఉంటాయి. వాళ్ల పైన మంత్రుల బదులు గవర్నరు, ఆయన సలహాదారులు ఉంటారు. బడ్జెట్ పార్లమెంటు పాస్ చేస్తుంది. హైకోర్టు అధికారాలను రాష్ట్రపతి తీసుకోవడానికి లేదని ఆ అధికరణంలోనే రాసి ఉంది. పింఛను ఆగదు. 2014 మార్చి 1 నుంచి ఎన్నికలయ్యే దాకా మనం రాష్ట్రపతి పాలనలోనే ఉన్నాం. తాతకి అప్పుడు పింఛను వస్తుంటే ఆ మూడు నెలలూ ఏమైందో ఆయన్నే గుర్తుచేసుకోమను.

మా బారువ లచ్చన్న గారు కల్లు విషయం మీద ప్రకాశం పంతులు గారి గవర్నమెంటునే పడగొట్టారని మా ఇంట్లో గొప్పగా చెప్పుకుంటారు. కేంద్రం కదా బర్తరఫ్ చేసింది? ఏది నిజం?
– సోంపేట పాఠకుడు

మీ ఇంట్లో చెప్పుకునేదే నిజానికి దగ్గర.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ప్రకాశం గారు ముఖ్యమంత్రి. మద్రాసు నుంచి ఆస్తి అప్పులతో పాటు మద్యనిషేధం కూడా మనకి వచ్చింది. తాటిచెట్టు, ఈతచెట్టు నమ్ముకున్న గీత కులాల వాళ్ల నోటి దగ్గర కూడు పోయింది. నిషేధం సంగతి చూడమని వేసిన రామమూర్తి కమిటీ దాన్ని ఎత్తేయమని చెప్పింది. ప్రభుత్వం ఎత్తేయలేదు. గౌతు లచ్చన్న గారు గీత కార్మికులను కూడగట్టి సత్యాగ్రహానికి దిగారు. ఆయన కృషికార్ లోక్ పార్టీ మనిషి. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం వచ్చింది. 68కి 69. ఒక్క ఓటు. ప్రభుత్వం పడిపోయింది. నవంబరు 15న రాష్ట్రపతి పాలన వచ్చింది, 1955 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగాయి, మార్చి చివర బెజవాడ గోపాలరెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యారు.

దేశంలో అప్పటికి రాష్ట్రపతి పాలన చూసిన రాష్ట్రాలు రెండే: 1951లో పంజాబ్, 1953లో పెప్సూ (పటియాలా, తూర్పు పంజాబ్ సంస్థానాలు కలిపి చేసిన రాష్ట్రం). మూడోది మనది. పుట్టి పద్నాలుగు నెలలైనా నిండలేదు.

నేను పట్టించుకునే విషయం వేరే ఉంది. ఇక్కడ ప్రభుత్వం పడింది సభలో. చేతులెత్తారు, లెక్కపెట్టారు, ఒకటి తక్కువైంది. కేంద్రం ఆ తర్వాత వచ్చింది. ప్రకాశం గారంతటి మనిషి ఒక్క ఓటుతో దిగిపోవడం చూస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది, కానీ న్యాయంగా దిగారు. తర్వాత కాలంలో దేశంలో జరిగినవాటిలో చాలావాటికి ఈ మాట అనలేను. సభలో లెక్కపెట్టాల్సిన తలకాయల్ని రాజ్‌భవన్ గదిలో లెక్కపెట్టడం మొదలయ్యాకే ఈ తగువులన్నీ.

పాతపట్నం ఎంపీగా ఉన్న వి.వి. గిరి గారు రాష్ట్రపతి అయ్యాక మన రాష్ట్రం మీదే రాష్ట్రపతి పాలన పెట్టారట. నిజమేనా?
– పాతపట్నం రిటైర్డ్ టీచరు

నిజమేనండి. ఆయన 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకి గెలిచారు. 1957లో పార్వతీపురంలో డిప్పల సూరిదొర గారి చేతిలో ఓడిపోయారు. రెండు సీట్ల నియోజకవర్గంలో గిరిజన అభ్యర్థి జనరల్ సీటు కూడా తీసుకోవచ్చా అని గిరి గారు సుప్రీంకోర్టు దాకా వెళ్తే, తీసుకోవచ్చని కోర్టు అంది. ఆ తీర్పు అంటే నాకు చాలా ఇష్టం.

1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలు, అంటే తెలంగాణలో ఉద్యోగాలు స్థానికులకే అన్న నిబంధనలు, చెల్లుతాయని సుప్రీంకోర్టు చెప్పాక జై ఆంధ్ర ఉద్యమం లేచింది, పి.వి. నరసింహారావు గారు దిగిపోయారు. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన పెట్టినప్పుడు ఆ కుర్చీలో ఉన్నది గిరి గారే. సంతకం ఆయనది, నిర్ణయం కేంద్ర మంత్రివర్గానిది. అసెంబ్లీని రద్దు చేయకుండా నిద్రపుచ్చి ఉంచారు. డిసెంబరులో అదే అసెంబ్లీ నుంచి వెంగళరావు గారు ముఖ్యమంత్రి అయ్యారు. 1972లో ఎన్నికైన ఆ సభ, ఎమర్జెన్సీలో చేసిన 42వ సవరణ పదవీకాలాన్ని ఆరేళ్లు చేయడంతో, 1978 దాకా బతికింది. ఐదేళ్లకి వేసిన ఓటు ఆరేళ్లు పనిచేసింది.

ఉద్యోగాల నోటిఫికేషన్ పడగానే ‘నువ్వు జోన్ వన్ లోకలా’ అని అడుగుతారే, ఆ లెక్క పుట్టింది కూడా అక్కడే. రాష్ట్రపతి పాలన నడుస్తుండగా 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం కుదిరింది. దాన్నుంచి 32వ సవరణ, 371-డి, జోన్లు వచ్చాయి.

ఎమర్జెన్సీ 1975లో వచ్చిందంటారు. మా కొండ మీద అంతకు ముందే వచ్చింది. దానికి పేరేమిటి?
– కురుపాం మండలం నుంచి ఒక పాఠకుడు

ఈ ప్రశ్న చదివి కాసేపు ఆగిపోయాను. మీరన్నది చట్టం భాషలో సరి కాదు, అనుభవంలో సరే.

మీకు తెలిసిన కథే, తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. 1967 అక్టోబరు 31న మొండెంఖల్‌లో గిరిజన సంఘం సభకి వెళ్తున్నవాళ్ల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. ఆ తర్వాతే శ్రీకాకుళం ఉద్యమం ఆయుధం పట్టింది. 1969లో రాష్ట్ర ప్రభుత్వం ఏజెన్సీని కల్లోలిత ప్రాంతంగా ప్రకటించింది. దానికి రాజ్యాంగంలోని ఎమర్జెన్సీ అక్కర్లేకపోయింది. 1948 నాటి అల్లర్ల అణచివేత చట్టం ఒకటి రాష్ట్రం చేతిలోనే ఉంది. శాంతిభద్రతలు రాష్ట్ర జాబితాలోవి. కేంద్రం సీఆర్‌పీఎఫ్‌ను పంపింది. హైదరాబాద్‌కీ ఢిల్లీకీ మధ్య ఇక్కడ తగువేమీ లేదు, ఒకరికొకరు సాయం చేసుకున్నారు. 1970 జూలైలో ఉద్యమ నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం చనిపోయారు.

కాబట్టి రాష్ట్రాల హక్కులు కాపాడితే మనుషుల హక్కులు వాటంతటవే బాగుంటాయని ఎవరైనా అంటే నేను మీ కొండ వైపు చూపిస్తాను. రాష్ట్రానికి అధికారం ఎక్కువుంటే మంచిదనే పక్షమే నాది కూడా, కానీ ఆ అధికారం మీ గూడేల్లో ఎలా పనిచేసిందో దాచుకుని వాదించను.

ఇంకొక సంగతి మైదానం వాళ్లకి తెలీదు. ఐదో షెడ్యూలు ప్రాంతాల, అంటే మన ఏజెన్సీ లాంటి వాటి, పాలన గురించి కేంద్రం రాష్ట్రానికి మామూలు రోజుల్లో కూడా ఆదేశాలివ్వొచ్చు. ఎమర్జెన్సీ ఉండనక్కర్లేదు. అలాగే అక్కడ గవర్నరు, రాష్ట్రపతి ఆమోదంతో, రెగ్యులేషన్లు చేయొచ్చు. మీరందరూ ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అంటారే, ఏజెన్సీలో గిరిజనేతరుల మధ్య కూడా భూమి చేతులు మారకుండా ఆపిన 1970 నాటి రెగ్యులేషన్, అది ఆ దారిలో వచ్చిందే. తుపాకులు పేలాక గానీ అంత గట్టి కాగితం రాలేదు.

2013లో విజయనగరంలో కర్ఫ్యూ పెట్టారు. అది ఎమర్జెన్సీ కాదా?
– విజయనగరం వ్యాపారి

కాదు. ఆ అక్టోబరులో విభజన మీద గొడవలు ముదిరి ఊళ్లో కర్ఫ్యూ పెట్టిన రోజుల్లో నేను ఇక్కడే ఉన్నాను. గంటస్తంభం దగ్గర మనిషి జాడ లేకపోవడం కళ్లారా చూశాను. కానీ అది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 144వ సెక్షన్ బాపతు, ఇప్పుడు కొత్త చట్టంలో 163 అయింది. పోలీసులు, జిల్లా అధికారులు పెట్టేది, కోర్టులో సవాలు చేయగలిగేది.

అసలు రాజ్యాంగ ప్రశ్న దాని వెనక ఉంది, మీరు అడగలేదు గానీ చెప్తాను. విభజన బిల్లును మన అసెంబ్లీ 2014 జనవరి 30న తిరస్కరించింది. ఫిబ్రవరిలో పార్లమెంటు దాన్నే పాస్ చేసింది. ఎలా చేసిందంటే మూడో అధికరణం ప్రకారం. రాష్ట్రాన్ని విడదీయాలంటే ఆ రాష్ట్ర అసెంబ్లీ అభిప్రాయం అడగాలి. అంతే. విననక్కర్లేదు. విభజన మంచిదా చెడ్డదా అన్నది పక్కన పెట్టండి. ఏ విభజన విషయంలోనైనా ఈ అధికరణం ఇలాగే పనిచేస్తుంది. 356 గురించి గొంతు చించుకునే పార్టీలు ఈ మూడో అధికరణం జోలికి పోవు, ఎందుకో ఊహించుకోండి.

1984లో ఎన్టీఆర్‌ని దించినప్పుడు రాష్ట్రపతి పాలన ఎన్ని రోజులుంది?
– గజపతినగరం పాఠకురాలు

ఒక్క రోజు కూడా లేదమ్మా. చాలామంది ఇలాగే అనుకుంటారు.

ఆయన అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చారు. ఆగస్టు 16న గవర్నరు రామ్‌లాల్ ఆయన్ని తొలగించి నాదెండ్ల భాస్కరరావు గారి చేత ప్రమాణం చేయించారు. వాడింది 356 కాదు. గవర్నరు ఇష్టం ఉన్నంతవరకే మంత్రులు పదవిలో ఉంటారనే 164వ అధికరణం. సభ పిలవండి, బలం చూపిస్తానని రామారావు గారు అడిగారు, ఆయనకి ఆ అవకాశం ఇవ్వలేదు. కొత్తాయనకి మాత్రం నెల గడువిచ్చారు. ఆ నెల దేనికి పనికొస్తుందో లా చదవనివాళ్లకి కూడా అర్థమైంది.

అప్పుడు నేను విశాఖలో లా విద్యార్థిని. క్లాసులో మేష్టారు 164 చెప్తున్నారు, బయట బస్సులు ఆగిపోయాయి. చక్రాల కుర్చీలో ఉన్న రామారావు గారు ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని రాష్ట్రపతి భవన్‌కి వెళ్లారు. ఎమ్మెల్యేలు జారిపోకుండా వాళ్లని కర్ణాటకలో ఉంచారు. ఇప్పుడు రిసార్టు రాజకీయం అంటున్నారే, అది అప్పుడు ప్రభుత్వం నిలబెట్టుకోవడానికి చేసిన పని. ఆగస్టు చివర్లో రామ్‌లాల్ పోయి శంకర్ దయాళ్ శర్మ వచ్చారు. సెప్టెంబరు 16న రామారావు గారు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన్ని తిరిగి కూర్చోబెట్టింది ఏ కోర్టూ కాదు. ఊరూరా జనం.

కోర్టు వంతు పదేళ్లకి వచ్చింది. కర్ణాటకలో 1989లో ముఖ్యమంత్రి బొమ్మై గారు సభలో బలం చూపిస్తానంటే గవర్నరు వెంకటసుబ్బయ్య గారు, ఆయన మన తెలుగాయనే, వినలేదు. ఆ కేసు తొమ్మిది మంది జడ్జీల ముందుకి వెళ్లింది. 1994 మార్చి 11న తీర్పు. వాళ్లలో జీవన్‌రెడ్డి గారు, కె. రామస్వామి గారు మనవాళ్లు. బలాబలాలు తేలాల్సింది సభలో, గవర్నరు అభిప్రాయంలో కాదు అన్నారు. ప్రకటన వెనకున్న కారణాలను కోర్టు చూడొచ్చు అన్నారు. పార్లమెంటు ఆమోదించేదాకా అసెంబ్లీని రద్దు చేయొద్దు అన్నారు. బొమ్మై గారికి కుర్చీ తిరిగి రాలేదు, అప్పటికే అక్కడ ఎన్నికలైపోయాయి. కానీ 2016లో అరుణాచల్‌లో సుప్రీంకోర్టు తీర్పుతో పోయిన ప్రభుత్వం తిరిగొచ్చింది, ఉత్తరాఖండ్‌లో సభలో బలపరీక్ష పెట్టించింది. 1984 ఆగస్టులో ఈ తీర్పు ఉండి ఉంటే నెల రోజుల గడువు అంటూ ఉండేది కాదు.

కొటియా ఊళ్లలో ఆంధ్రా వాళ్లూ ఒడిశా వాళ్లూ ఇద్దరూ ఎన్నికలు పెడుతున్నారు. అక్కడ రాష్ట్రపతి పాలన పెట్టొచ్చు కదా?
– సాలూరు యువకుడు

పెట్టడానికి లేదు. 356 రాష్ట్రం మొత్తానికే, 21 ఊళ్లకి కాదు. రెండు రాష్ట్రాల తగువు 131వ అధికరణం కింద నేరుగా సుప్రీంకోర్టుకి పోతుంది. ఒడిశా 1968లోనే వెళ్లింది. యథాతథ స్థితి అన్నారు. 2021లో మన వైపు నుంచి పంచాయతీ ఎన్నికలు జరిపితే ఒడిశా కోర్టు ధిక్కారం అంటూ మళ్లీ వెళ్లింది. హద్దు మార్చగలిగేది పార్లమెంటు. ఈలోపు రెండు రేషన్ కార్డులు ఉన్నవాళ్లు ఏ ఒక్కటీ వదులుకోరు, నేనైనా వదులుకోను.

గవర్నరు బిల్లు మీద సంతకం పెట్టకుండా ఎన్నాళ్లైనా కూర్చోవచ్చా?
– లా విద్యార్థి, టెక్కలి

200వ అధికరణంలో ‘వీలైనంత త్వరగా’ అని ఉంది, రోజుల లెక్క లేదు. తమిళనాడు కేసులో 2025 ఏప్రిల్ 8న ఇద్దరు జడ్జీల ధర్మాసనం గడువులు పెట్టింది, ఆగిపోయిన 10 బిల్లులు ఆమోదం పొందినట్టే అంది. రాష్ట్రపతి సలహా కోరితే నవంబరు 20న ఐదుగురు జడ్జీలు, కోర్టు గడువులు పెట్టకూడదు, ఆమోదం పొందినట్టే అనుకోవడమూ కుదరదు అన్నారు. అలాగని గవర్నరు తెగ కూర్చోవడానికీ లేదు, మరీ లాగితే ఏదో ఒకటి తేల్చమని కోర్టు చెప్పగలదు. ‘మరీ’ అంటే ఎంతో రాయలేదు. నువ్వు ప్రాక్టీసు మొదలుపెట్టేసరికి దీని మీద ఇంకో తీర్పు చదవాల్సి ఉంటుంది, ఖాళీ పేజీ ఉంచుకో.

మా హైస్కూల్లో వక్తృత్వ పోటీ. ‘కేంద్రం బలంగా ఉండాలా, రాష్ట్రం బలంగా ఉండాలా’ అని అంశం ఇచ్చాం. పిల్లలకి ఏం చెప్పమంటారు?
– సోషల్ టీచరు, చీపురుపల్లి

మాస్టారూ, పిల్లలు కంఠతా పట్టిన ఉపన్యాసాలే వినాల్సొస్తుంది, ముందే చెప్తున్నాను. ఒక పని చేయండి. రాష్ట్రం వైపు మాట్లాడే పిల్లకి 1977 ఏప్రిల్ ఇవ్వండి. ఎమర్జెన్సీలో జైళ్లలో మగ్గిన నాయకులే జనతా ప్రభుత్వంగా వచ్చి, లోక్‌సభలో కాంగ్రెస్ ఓడిపోయిందనే కారణం చూపి తొమ్మిది రాష్ట్రాల ప్రభుత్వాలను ఒకేసారి దించేశారు. సుప్రీంకోర్టు కూడా అడ్డుపడలేదు. ఆ జాబితాలో మన రాష్ట్రం లేదు, ఎందుకంటే ఇక్కడ 42లో 41 సీట్లు కాంగ్రెస్‌కే వచ్చాయి. 1980 ఫిబ్రవరిలో ఇందిరా గాంధీ గారు తిరిగొచ్చి తొమ్మిదికి తొమ్మిది బాకీ తీర్చుకున్నారు. దించినవాళ్లు మంచివాళ్లైతే దించడం మంచిదవుతుందా అన్నదానికి ఆ పిల్ల సమాధానం చెప్పాలి.

కేంద్రం వైపు మాట్లాడే పిల్లాడికి 1984 ఆగస్టు ఇవ్వండి. వాడు దాన్ని సమర్థించగలిగితే మొదటి బహుమతి వాడికే, తర్వాత నా దగ్గరికి జూనియర్‌గా పంపండి.